చవకగా వచ్చిన బ్రేకులు

కారు కొనడం తేలిక. కొన్నదాన్ని ఆపడమే కష్టం. ఈ సంగతి నాకు శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద తెలిసింది. తెలిసిన తీరు మాత్రం పగవాడికి కూడా వద్దు.

మాది కొత్త కారు కాదు. ఎవరో మహానుభావుడు తొమ్మిదేళ్ళు వాడుకుని వదిలిన చిన్న కారు. మా అమ్మ దాన్ని "రథం" అంటుంది. మా అమ్మాయి "డబ్బా" అంటుంది. మా ఆవిడ ఏమీ అనదు. నెలాఖరున ఖర్చుల పుస్తకం తెరిచి నా వంక చూస్తుంది. పాత కారు వున్న ఇంట్లో నెలకొక కొత్త మాట నేర్చుకుంటారు. ఒక నెల "బుష్షు", మరో నెల "బేరింగు", ఆ పై నెల "క్లచ్ ప్లేటు". ఎం.ఏ. తెలుగు చదివిన రోజుల్లో కూడా నేను ఇన్ని కొత్త పదాలు నేర్చుకున్న గుర్తు లేదు.

పోయిన ఆశ్వయుజంలో బ్రేకుల వంతు వచ్చింది. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని విజయవాడ ఆటోనగర్‌లో మా మేస్త్రీ చెప్పాడు. కారు కంపెనీ పేరున్న పెట్టెలో వచ్చేవైతే 1,800 రూపాయలట. మన దేశంలోనే తయారుచేసే పేరున్న సంస్థ తన సొంత పెట్టెలో అమ్మేవైతే 1,100 అట. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. మధ్యతరగతి వాడు డబ్బు లేదని ఎప్పుడూ అనడు, ఆలోచించి చెబుతానంటాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా బావమరిది ఈ మాట విన్నాడు. వినగానే జేబులోంచి ఫోను తీశాడు.

"బావగారూ! ఆటోనగర్ వాళ్ళకి మీలాంటివాళ్ళే కావాలి. ఇదిగో చూడండి, జత చక్రాలకు 450. అదీ ఇంపోర్టెడ్!"

"ఇంపోర్టెడ్" అన్న మాటకు మన ఇళ్ళలో వున్న మర్యాద ఇంతా అంతా కాదు. విదేశీ సరుకు తెప్పించాలంటే లైసెన్సు కావలసిన రోజుల్లో, పైదేశం నుంచి వచ్చిన గడియారాన్నో రేడియోనో చుట్టాలు వచ్చినప్పుడు ముందుగదిలోకి తెచ్చి పెట్టేవారని మా నాన్నగారు చెప్పేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు దాని విడిభాగాలు చాలావరకు జపాను నుంచే వచ్చాయి. తర్వాత్తర్వాత ఇక్కడి కార్ఖానాలు వాటిని చేయడం నేర్చుకున్నాయి. దిగుమతుల మీద మిగిలివున్న పరిమాణపు ఆంక్షలను 2001 ఏప్రిల్ 1న ఎత్తివేశారు. అప్పటినుంచి పైదేశపు సరుకు కొట్టుకొట్టునా దొరుకుతోంది. సరుకు మారింది, ధర మారింది. ఆ మాట మీది మోజు మాత్రం మారలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు గదా!

నాలుగో రోజుకి పొట్లం వచ్చింది. పట్టుకెళ్ళి మేస్త్రీకి ఇచ్చాను. అతను పెట్టె విప్పి, ఒక ప్యాడు చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తిప్పి వెనక రేకు చూశాడు.

"మాస్టారూ, దీనిమీద చేసినవాడి పేరు లేదండి" అన్నాడు.

"పేరుతో పనేముంది? కొలత సరిపోతుందా, లేదా?"

"కొలత సరిపోతుందండి. వెయ్యమంటే వేస్తాను. కానీ నేను వెయ్యమన్నానని మాత్రం ఎక్కడా అనకండి."

తెలుగు మేష్టరునై వుండి కూడా ఆ వాక్యంలోని ధ్వని నాకు అందలేదు. వేయించాను. 650 రూపాయలు మిగిలాయని మా ఆవిడకి చెప్పాను. ఆ డబ్బుతో కార్తీకంలో శ్రీశైలం వెళ్ళి వద్దామంది మా అమ్మ.

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దర్శనం బాగా జరిగింది. తిరుగు ప్రయాణంలో శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతున్నాం. వెనక మా అమ్మ, మా అమ్మాయి. పక్కన మా ఆవిడ, ఒళ్ళో ప్రసాదం సంచీ. నేను పెద్ద గేరులోనే దించుతూ, మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతున్నాను. ఇంజను మెల్లగా తిరిగితే పెట్రోలు ఆదా అవుతుందని నా భ్రమ. కాసేపటికి ఏదో మాడిన వాసన వచ్చింది. "ఎవరో అడవిలో పొయ్యి రాజేసినట్టున్నారు" అన్నాను. మాడుతున్నది నా పొదుపే అని తెలియదు.

తర్వాతి మలుపులో బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా వుంది. కారు ఆగలేదు. ఇంకా బలంగా తొక్కాను. వేగం తగ్గినట్టే తగ్గి, మళ్ళీ జారుతోంది. ఎదురుగా ఆర్టీసీ బస్సు ఎక్కి వస్తోంది. ఎడమవైపు కొండ, కుడివైపు లోయ. మా ఆవిడ నా భుజం పట్టుకుంది, మాట రాలేదు. మా అమ్మ మాత్రం ఏమీ తెలియక శివనామం చదువుకుంటోంది. ఏ పుణ్యమో గాని, చిన్నప్పుడు లారీ డ్రైవర్ల నోట విన్న మాట గుర్తొచ్చింది. రెండో గేరులోకి, తర్వాత ఒకటిలోకి దించాను. ఇంజను గావుకేక పెట్టింది. చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, రోడ్డు పనికి పోసివుంచిన కంకర కుప్పలోకి ఎడమ చక్రం ఎక్కించాను. కారు ఆగింది.

బస్సు డ్రైవరు ఆపి దిగివచ్చాడు. చక్రం దగ్గర వంగి, చెయ్యి పెట్టకుండానే వెనక్కి తీశాడు.

"నీళ్ళు పొయ్యకండి సార్, డిస్కు పగులుద్ది. అరగంట చల్లారనియ్యండి. ఎక్కిన గేరులోనే దిగాలి. ఇది కొండ, బందరు రోడ్డు కాదు."

అరగంట తర్వాత బ్రేకులు, ఏమీ ఎరగనట్టు, మళ్ళీ పనిచేశాయి. దోర్నాల దాకా రెండో గేరులో దిగాం. కారులో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు మేస్త్రీ చక్రాలు విప్పి ఆ ప్యాడ్లు బల్ల మీద పెట్టాడు. పైభాగం అద్దంలా నిగనిగలాడుతోంది. అంచులు పెచ్చులు లేచాయి. అడ్డంగా సన్నటి బీటలు. ఇది ఎందుకు జరిగిందో ఆ పూటా, ఆ తర్వాత చదువుకునీ తెలుసుకున్నాను.

బ్రేకు చేసే పని ఒక్కటే: కదలికను వేడిగా మార్చడం. మా కారు, మేము, సామాను కలిసి రమారమి 1,200 కిలోలు అనుకోండి. అంత బరువు 500 మీటర్ల ఎత్తు దిగేసరికి విడుదలయ్యే శక్తి సుమారు 20 లీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. పెళ్ళింట్లో ఒక కాగు నీళ్ళన్నమాట! గేరులో దిగితే ఆ భారంలో మంచి వాటా ఇంజను మోస్తుంది. నాలాగా దిగితే దాదాపు అంతా బ్రేకుల మీదే పడుతుంది. అందులోనూ ముందు చక్రాల మీద ఎక్కువ. ప్యాడులో రకరకాల నారలు, లోహపు పొడి, రాపిడినిచ్చే పదార్థాలు కలిపి, ఒక విధమైన జిగురుతో బిగించి కాలుస్తారు. ఆ జిగురు తట్టుకోగల వేడి దాటితే అది మాడి వాయువు వదులుతుంది. పట్టు జారిపోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే వుంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తగా లోపలికి పోతే అది వేరే జబ్బు. బ్రేకు నూనె మరిగిందనో, గాలి చేరిందనో అర్థం.

మంచి ప్యాడుకూ చెడ్డ ప్యాడుకూ తేడా చల్లగా వున్నప్పుడు తెలియదు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ నా 450 రూపాయల ప్యాడ్లు బ్రహ్మాండంగా పనిచేశాయి. తేడా కొండ మీదే బయటపడుతుంది. చాలా ప్యాడ్ల మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు వుంటాయి. మొదటిది చల్లని ప్యాడు పట్టు ఎంతో, రెండోది వేడెక్కాక పట్టు ఎంతో చెబుతుంది. "ఇ" అంటే 0.25 నుంచి 0.35 దాకా, "ఎఫ్" అంటే 0.35 నుంచి 0.45 దాకా, "జి" అంటే 0.45 నుంచి 0.55 దాకా. రెండో అక్షరం మొదటిదానికంటే దిగువదైతే వేడిలో పట్టు సడలుతుందని గ్రహించాలి. ఐతే అక్షరాలు అచ్చువేయడం ఎవడికైనా చేతనవును. అచ్చువేసినవాడెవడో తెలిసినప్పుడే వాటికి విలువ.

నేను మా మేస్త్రీతో, "ఇకమీదట పైదేశపు సరుకు ముట్టను. స్వదేశీయే!" అన్నాను ఆవేశంగా.

అతను నవ్వి, కొట్టు వెనకనుంచి రెండు పెట్టెలు తెచ్చాడు. రెండింటి మీదా మన దేశపు ఒక పేరున్న సంస్థ ముద్రే. "ఇందులో ఏది అసలో చెప్పండి" అన్నాడు. ఎంత చూసినా తెలియలేదు. అప్పుడు వేలుపెట్టి చూపించాడు. ఒకదాని మీద పేరులో ఒక అక్షరం మారివుంది. అక్షరదోషాలు పట్టడమే వృత్తిగా బతుకుతున్నాను. ఐనా ఆ దోషం నా కంటికి ఆనలేదు.

"ఇది ఓడెక్కి రాలేదండి. ఈ దేశంలోనే పుట్టింది" అన్నాడు. తర్వాత బల్లమీది ఒక బేరింగు చూపించాడు. "ఇదేమో పైనుంచి వచ్చింది. ఐదేళ్ళుగా వేస్తున్నాను. ఒక్కటీ తిరిగి రాలేదు. దేశంలో ఏముందండీ? ఎవడు చేశాడు, తేడా వస్తే ఎవడి దగ్గరికి వెళ్ళాలి, అది చూసుకోవాలి."

ఆలోచిస్తే ఇదే అసలు సంగతి అనిపించింది. మన భాషలోనే ఒక విచిత్రం వుంది చూడండి. దేశవాళీ నెయ్యి, నాటుకోడి అంటే ఎగబడతాం. అదే కారు విడిభాగాన్ని "లోకల్" అంటే మూతి విరుస్తాం. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఆటోనగర్‌లో ఇంకా బతికేవుంది. నిజానికి కారు కంపెనీలు బ్రేకులనూ బ్యాటరీలనూ చాలావరకు తాము చేయవు. ఇతరుల దగ్గర కొంటాయి. మద్రాసు పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా అలాంటి సరఫరాదారే. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వారు చేసే బ్యాటరీలు ఎన్నో కార్లలోకి వెళుతున్నాయి. అలాంటి సంస్థలు తమ సొంత పెట్టెలో అమ్మే సరుకుకు, కారు కంపెనీ పెట్టెలో వచ్చేదానికంటే ధర సాధారణంగా తక్కువ. అటు 1,800కీ ఇటు 450కీ నడుమ, నేను చూడనొల్లని 1,100 రూపాయల దారి అదే.

బాధ్యుడు దొరకకపోతే ఏమవుతుందో అమెరికావారికి బాగా అనుభవమైంది. 2007లో న్యూజెర్సీలోని ఒక చిన్న దిగుమతి సంస్థ, తాను చైనా నుంచి తెచ్చి అమ్మిన టైర్లలో పొరలు విడిపోకుండా పట్టివుంచే రబ్బరు పట్టీ సరిగా లేదని ప్రభుత్వానికి చెప్పుకుంది. మొదట అనుమానించిన టైర్లు సుమారు 4,50,000. వెనక్కి తీసుకోమంటే, అంత డబ్బు తన దగ్గర లేదంది. చేసినవారేమో తప్పే లేదన్నారు. మధ్యలో కొన్నవాడి గతి ఏమిటి? 2024 జూలైలో అక్కడి రహదారి భద్రతా సంస్థ మరో హెచ్చరిక చేసింది. ప్రమాదంలో దెబ్బతిన్న పాత కార్లకు చవకరకం దిగుమతి ఎయిర్‌బ్యాగు సామగ్రి బిగించి అమ్ముతున్నారనీ, తొమ్మిది నెలల్లో ముగ్గురు చనిపోయారనీ, మరి ఇద్దరు ఘోరంగా గాయపడ్డారనీ ఆ హెచ్చరిక సారాంశం. కాపాడవలసిన సంచీయే ప్రాణం తీసింది.

అట్లాగని పెద్ద పేరున్నవారంతా ధర్మరాజులని కాదు. జపానులో తకాటా అనే పేరుమోసిన సంస్థ చేసిన ఎయిర్‌బ్యాగులే లోపంతో ఎందరినో బలిగొన్నాయి. 2017లో ఆ సంస్థ దివాలా తీసింది. ఐతే ఏ కారులో ఎవరి సంచీ వుందో లెక్క వుంది గనుక, కారు కంపెనీలు కోట్లకొద్దీ కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చవలసివచ్చింది. నా 450 రూపాయల ప్యాడ్లను వెనక్కి పిలిచేవాడెవడు?

మరి 450 రూపాయల ప్యాడ్లు కొనేవాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా అంటే, అదీ కాదు. ఆ షెడ్డులోనే ఒక టాక్సీ డ్రైవరు నాతో అన్నాడు: "నాకు మంచిది తెలీక కాదు సార్. ఇవాళ బండి కదిలితేనే రేపు ఇంట్లో పొయ్యి." అతని మాట కొట్టివేయలేం. ఐతే మేస్త్రీ అతనికి ఒక లెక్క చెప్పాడు. చవక ప్యాడ్లు 10,000 కిలోమీటర్లు వస్తే గొప్ప. మంచివి 30,000 వస్తాయి. విప్పి బిగించే కూలి ప్రతిసారీ 300. చవకవి మూడుసార్లు వేస్తే 2,250 రూపాయలు. మంచివి ఒకసారి వేస్తే 1,400. "మిగతా 700 నాకు వారం వారం ఇవ్వు" అని మంచి ప్యాడ్లే వేసి పంపాడు. ఈ చిన్నపాటి అరువు, మనం రాసే వ్యాసాలన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందేమో.

ఇంటికి వచ్చి ఈ కథంతా చెబితే మా ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"కుక్కరు గాస్కెట్టు ఎప్పుడైనా తోపుడుబండి మీద కొన్నానా? ప్లాస్టిక్ మగ్గు కొన్నాను. మగ్గు పగిలితే నీళ్ళు పోతాయి. కుక్కరు పేలితే?" అంది.

అంతే! నేను కొండ మీద నేర్చుకున్నది ఆవిడ వంటింట్లో ఎప్పుడో నేర్చుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో కారు సామాన్లు మూడు వరసలు.

మొదటి వరస ప్రాణానికి సంబంధించినవి: బ్రేకులు, టైర్లు, స్టీరింగు భాగాలు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు. వీటిలో బేరం లేదు. పేరు తెలిసినవాడిది, బిల్లుతో. స్వదేశీయా విదేశీయా అన్నది తర్వాతి ప్రశ్న. కార్ల టైరు మీద మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పక్కగోడ మీద నాలుగంకెలు కూడా చూడాలి. 2324 అని వుంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం.

రెండో వరస ఇంజనుకు సంబంధించినవి: ఆయిల్ ఫిల్టరు, టైమింగ్ బెల్టు, బేరింగులు. ఇవి చెడితే ప్రాణం పోకపోవచ్చు గాని పర్సు పోతుంది. చాలా ఇంజన్లలో టైమింగ్ బెల్టు తెగితే వాల్వులు వంగి, వందల్లో ఆదా చేసినవాడు వేలల్లో చెల్లిస్తాడు. ఇక్కడ మేస్త్రీ అనుభవమే ప్రమాణం.

మూడో వరస అలంకారాలు: మ్యాట్లు, సీటు కవర్లు, ఫోను పెట్టుకునే పిడి. ఇవి మా బావమరిది శాఖ. ఎంత చవకగా తెచ్చినా అభ్యంతరం లేదు. ఒక్క హెడ్‌లైటు బల్బులు మాత్రం అతన్ని తేనివ్వను. మామూలు దీపపు గిన్నెలో ఆ చవక ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి, ఎదురువచ్చేవాడి కళ్ళలో పడుతుంది. మన ముచ్చట అవతలివాడికి ముప్పు కాగూడదు.

ఇక పెట్టె మీద చదవవలసినవి: పైనుంచి వచ్చిన సరుకైతే ఏ దేశంలో తయారైందీ, దిగుమతి చేసుకున్నదెవరో, వారి చిరునామా, గరిష్ఠ ధర వుండితీరాలి. ఫోనులో అమ్మేవారు కూడా ఏ దేశపు సరుకో చెప్పాలి. ఇవి లేని పెట్టెను అక్కడే వదిలిపెట్టడం మంచిది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఒక మంచి మాట వుంది. లోపమున్న వస్తువు వల్ల హాని జరిగి, దాన్ని చేసినవాడెవడో తెలియకపోయినా, మన దేశపు చట్టానికి అందకపోయినా, అమ్మినవాడే జవాబు చెప్పాలి. కానీ అతను అమ్మాడని మనం రుజువు చేయాలి గదా! అంచేత బిల్లు అడగండి. జీఎస్‌టీ మిగులుతుందని బిల్లు వద్దంటే, మన చేతులతో మనమే ఆ తలుపు మూసుకున్నట్టు. ఫిర్యాదు వుంటే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

మొన్న మాఘంలో మళ్ళీ శ్రీశైలం వెళ్ళాం. 1,100 రూపాయల ప్యాడ్లతో, రెండో గేరులో దిగాం. మా బావమరిది కూడా వచ్చాడు. కంకర కుప్ప వున్న మలుపు చూపించాను. కుప్ప లేదు, రోడ్డు వేసేశారు. అతను చాలాసేపు ఆ లోయలోకి చూసి, "బావగారూ, ఆ డబ్బు వాపసు అడగనా?" అన్నాడు. వద్దన్నాను.

ఆ పాత ప్యాడ్లలో ఒకటి నా దగ్గరే వుంది. పరీక్షల రోజుల్లో ఫ్యాను గాలికి ఆన్సరు పేపర్లు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకుంటాను. ఆ పని అది చాలా బాగా చేస్తోంది.